ఎక్కిన ఎత్తు, దిగే వేగం



ధరూర్ మండలంలో కృష్ణానది చేత మనం రెండు పనులు చేయిస్తున్నాం. రేవులపల్లి దగ్గర జూరాల డ్యామ్‌లో నిలిచిన నీటిని కిందికి దించి, ఆ దూకుడుతో టర్బైన్లు తిప్పి కరెంటు తీస్తున్నాం. ఒక్కొక్కటి 39 మెగావాట్ల యూనిట్లు ఆరు, మొత్తం 234 మెగావాట్లు. అదే జలాశయం వెంబడి గుడ్డెందొడ్డి వైపు వెళ్తే పని తిరగబడుతుంది. అక్కడ కరెంటు పెట్టి నీటిని పైకి ఎత్తుతున్నాం. అదే నెట్టెంపాడు ఎత్తిపోతల. రెండు దశల్లో నీరు పైకెక్కుతుంది. ఎక్కాక దానికి ఇక ఎవరి సాయమూ అక్కర్లేదు. కాలువల్లో తనంతట తానే పారుకుంటూ పొలం దాకా పోతుంది.

ఒకే మండలంలో ఎక్కించడమూ ఉంది, దించడమూ ఉంది. ఈ రెండింటినీ ఒకే పట్టాల మీద, మనుషులను కూర్చోబెట్టి, రెండు మూడు నిమిషాల్లో చేస్తే దాని పేరు రోలర్ కోస్టర్. ఈ పూట నా ప్రసంగం దాని గురించే.

మన వైపు వాళ్లు పెద్ద రోలర్ కోస్టర్ చూడాలంటే హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన రావిర్యాల దాకా పోవాలి. అక్కడ వండర్‌లా పార్కు 2016లో మొదలైంది. అందులో ‘రికాయిల్’ అనే బండి తలకిందులుగా తిరుగుతుంది, ముందుకు పోయిన దారినే వెనక్కి కూడా వస్తుంది. బడిపిల్లలు విహారయాత్రకు వెళ్లి అది ఎక్కి వస్తారు. వచ్చాక చాలా రోజులు తరగతిలో అదే మాట. ఎవరు అరిచారు, ఎవరు కళ్లు మూసుకున్నారు, ఎవరు చివరి నిమిషంలో వరుసలోంచి తప్పుకున్నారు. నేను సైన్సు పాఠం చెప్పేవాణ్ణి కనుక వాళ్లను ఒకటే అడుగుతాను. దాని ఇంజిన్ ఎక్కడుంది?

ముందు పెట్టెలో అంటాడొకడు. చివరి పెట్టెలో అంటుంది ఇంకో అమ్మాయి. సీట్ల కింద ఉంటుందని ఇంకొకరు. అసలు సంగతి ఏమిటంటే, ఆ బండిలో ఇంజిన్ లేదు. పెట్రోలు లేదు, డీజిల్ లేదు, తిప్పే మోటారు లేదు. మొదట్లో ఎవరో దాన్ని ఎత్తుకు చేరుస్తారు, అంతే. ఆ తర్వాత జరిగే పరుగు, మెలికలు, తలకిందులు కావడం, అన్నీ ఆ మొదటి ఎత్తు పెట్టిన భిక్షే.

ముందు ఆ ఎక్కించడం సంగతి చూద్దాం. పట్టాల మధ్యలో ఒక పొడవాటి చెయిన్ నడుస్తూ ఉంటుంది. కింద మోటారు దాన్ని తిప్పుతుంది. బండి అడుగున ఉన్న కొక్కెం ఆ చెయిన్‌కు తగులుకుంటుంది, చెయిన్ బండిని పైకి లాక్కుపోతుంది. ఆ సమయంలో టక్ టక్ టక్ మని ఒక చప్పుడు వినపడుతుంది. చాలామందికి భయం అక్కడే మొదలవుతుంది. నిజానికి ఆ చప్పుడు ధైర్యం ఇవ్వాల్సిన చప్పుడు. పట్టాల పక్కన రంపపు పళ్ల లాంటి మెట్లు ఉంటాయి. బండికి ఉన్న ఇనుప నాలుక ఒక్కో పన్ను దాటి పడుతూ ఉంటుంది. చెయిన్ తెగినా, కరెంటు పోయినా, ఆ నాలుక దగ్గరి పన్నుకు ఆనుకుంటుంది, బండి వెనక్కి జారదు.

ఎక్కించడానికి ఎంత కరెంటు పడుతుంది? లెక్క వేద్దాం. మనుషులతో కలిపి బండి బరువు 5 టన్నులు అనుకోండి. దాన్ని 30 మీటర్ల ఎత్తుకు చేర్చాలి. బరువును ఎత్తుతో, భూమి ఆకర్షణతో గుణిస్తే సుమారు 14 లక్షల 70 వేల జౌళ్లు వస్తాయి. జౌళ్లంటే అంతు చిక్కదు కనుక మీటరు రీడింగులోకి మారుద్దాం. అది అర యూనిట్ కూడా కాదు. మన బోరుబావి మీది 5 హార్స్ పవర్ మోటారు ఆరేడు నిమిషాలు తిరిగితే అంత శక్తి ఖర్చవుతుంది. పాతికమందిని అంతగా అరిపించే శక్తి అంతే!

అయితే బోరు మోటారు పెట్టి రోలర్ కోస్టర్ నడపవచ్చా? నడపవచ్చు, కానీ బండి కొండెక్కడానికి ఆరేడు నిమిషాలు పడుతుంది. అరనిమిషంలో ఎక్కాలంటే 65 హార్స్ పవర్‌కు పైగా కావాలి. రాపిడి కింద పోయేది వేరు. శక్తి ఎంత అన్నది ఒక ప్రశ్న, ఎంత తొందరగా అన్నది ఇంకో ప్రశ్న. పిల్లలు పరీక్షల్లో ఈ రెండింటినీ ఎక్కువగా కలిపేస్తుంటారు. ఎత్తిపోతల పంపుల సైజు చూసినవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది. నీరు ఎక్కితే చాలదు, వరద ఉన్న కొద్ది రోజుల్లోనే ఎక్కాలి. అందుకే అంత పెద్ద యంత్రాలు.

ఎత్తుకు ఎక్కించడం అంటే ఏమిటో పాలమూరు కూలీకి ఎవరూ చెప్పక్కర్లేదు. తట్ట నెత్తిన పెట్టుకుని దేశంలో ఎన్నో డ్యాముల కట్టల మీదికి మట్టి మోసినవాళ్లు మన వాళ్లు. మొదటి రోలర్ కోస్టర్లు నడిచింది కూడా కాళ్ల కష్టంతోనే. రష్యాలో చలికాలంలో కొయ్యతో ఎత్తయిన వాలు కట్టి, దాని మీద నీళ్లు పోసి గడ్డకట్టించి, ఆ మంచు మీద జారేవారు. 1817లో పారిస్‌లో చక్రాల బండ్లతో అలాంటి వాలు కట్టారు. అమెరికాలో లమార్కస్ థాంప్సన్ అనే ఆయన 1884లో న్యూయార్క్ పక్కన కోనీ ఐలాండ్ సముద్ర తీరంలో ఒక బండి పెట్టాడు. టికెట్ 5 సెంట్లు, వేగం గంటకు సుమారు 10 కిలోమీటర్లు, అంటే సైకిల్ తొక్కినంత. జనం మెట్లెక్కి పైకి చేరి, అక్కడ బండిలో కూర్చునేవారు. ఆ సవారీకి కావలసిన శక్తిని తమ కాళ్లతో తామే కట్టి, పైగా టికెట్ డబ్బులు కూడా ఇచ్చేవారన్న మాట. మరుసటి ఏడాదికే యంత్రంతో బండిని పైకి లాగే ఏర్పాటు వచ్చింది.

ఇక దిగడం. 10 మీటర్ల ఎత్తు నుంచి ఏ వస్తువు దిగినా, దారిలో ఏమీ పోగొట్టుకోకపోతే, అడుగుకు చేరేసరికి దాని వేగం సెకనుకు 14 మీటర్లు, అంటే గంటకు 50 కిలోమీటర్లు. 20 మీటర్లయితే 71. 40 మీటర్లయితే సుమారు 100. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఎత్తు 10 నుంచి 40కి, అంటే నాలుగింతలు అయింది. వేగం 50 నుంచి 100కు, రెండింతలే అయింది. వేగం రెండింతలు కావాలంటే ఎత్తు నాలుగింతలు కావాలి, మూడింతలు కావాలంటే తొమ్మిదింతలు కావాలి. పెద్ద రోలర్ కోస్టర్లు కట్టడం ఎందుకంత ఖర్చో ఈ ఒక్క సంగతి చెబుతుంది. వేగం కొంచెం పెంచుదామంటే ఇనుము టన్నులకు టన్నులు పెరుగుతుంది.

అందుకే కొందరు ఎత్తునే వదిలేశారు. అబుదాబిలో ఫెరారీ వరల్డ్ అనే పార్కులో 2010లో ఫార్ములా రోసా అనే బండి మొదలైంది. గల్ఫ్‌కు పోయిన మనవాళ్లలో కొందరైనా దాన్ని చూసి ఉంటారు. అది గంటకు 240 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఆ వేగం కేవలం కిందికి దిగడం వల్లనే రావాలంటే 227 మీటర్ల కొండ కావాలి. మన నాగార్జునసాగర్ డ్యామ్ ఎత్తు 124 మీటర్లు. అంటే దాదాపు రెండు సాగర్లు ఒకదాని మీద ఒకటి పెట్టాలి. వాళ్లు కొండ కట్టలేదు. నూనె ఒత్తిడితో పనిచేసే యంత్రం ఒకటి బండిని తాడు కట్టి లాగినట్టు లాగి, ఐదు సెకన్లలో ఆ వేగానికి చేరుస్తుంది. ముందు వరుసలో కూర్చున్నవాళ్ల కళ్లలో ఇసుక రేణువు పడితే ప్రమాదమని కళ్లద్దాలు కూడా ఇస్తారు.

బరువు సంగతి ఏమిటని అడుగుతారు. నిండుగా మనుషులున్న బండి వేగంగా దిగుతుందా, ఖాళీ బండి వేగంగా దిగుతుందా? లెక్క ప్రకారం రెండూ ఒకే వేగంతో దిగాలి. బరువు పెరిగితే లాగే బలం పెరుగుతుంది, కదిలించాల్సిన భారమూ అంతే పెరుగుతుంది, రెండూ సరికి సరి. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి ఒక సుత్తినీ, ఒక పక్షి ఈకనూ ఒకేసారి వదిలితే రెండూ ఒకేసారి నేలకు తాకాయి. అక్కడ గాలి లేదు. మన దగ్గర గాలి ఉంది. గాలి అడ్డు నిండు బండికీ ఖాళీ బండికీ సుమారు ఒకటే, కానీ దాన్ని తోసుకుపోయే సత్తా నిండు బండికి ఎక్కువ. అందుకే నిండు బండి కొంచెం ముందుంటుంది. పొద్దున్నే నడిపే బండి కొంచెం మందంగా, మధ్యాహ్నం బండి కొంచెం చురుగ్గా ఉంటుంది. ఎండకు బేరింగుల్లో గ్రీజు పలచబడుతుంది, రాపిడి తగ్గుతుంది.

రాపిడి అన్నాను కదా, దాన్ని వదలకుండా పట్టుకుందాం. కాలువలో పారే నీరు ఎక్కడా తను బయలుదేరిన మట్టానికి మించి ఎక్కలేదు. కాలువ తవ్వే ఇంజనీరు ప్రతి కిలోమీటరుకూ కొంత వాలు ఇస్తాడు, ఆ వాలు గట్టు రాపిడికి చెల్లించే పన్ను. రోలర్ కోస్టర్‌లోనూ అదే న్యాయం. మొదటి కొండ అన్నిటికన్నా ఎత్తు, రెండోది తక్కువ, మూడోది ఇంకా తక్కువ. చక్రాలకూ పట్టాలకూ మధ్య రాపిడి, గాలి అడ్డు, పట్టాల ఊపు, చప్పుడు, వేడి, ప్రతి ఒక్కటీ తన వాటా తీసుకుంటుంది. ఎంత పోతుందో ముందే అంచనా కట్టి, తర్వాతి కొండ అంతకన్నా తక్కువ ఎత్తులో కడతారు. ఆ అంచనా తప్పితే బండి మధ్యలో లోయలో ఆగిపోతుంది, ఊయల ఊగినట్టు ఊగి నిలిచిపోతుంది.

ముందుకూ వెనక్కూ నడిచే రకం బండి ఈ పన్నును కళ్లకు కట్టి చూపిస్తుంది. అలాంటి బండ్లను లోకమంతా బూమరాంగ్ అంటారు. వాటికి రెండు చివర్లా రెండు ఎత్తయిన వాలులు ఉంటాయి. బండిని మొదటి వాలు మీదికి వెనక్కు లాగి వదిలేస్తారు. అది కిందికి దూకి, మెలికలు తిరిగి, తలకిందులై, ఎదుటి వాలు ఎక్కుతుంది. కానీ పూర్తిగా ఎక్కలేదు, కొంత కింద అలసిపోతుంది. అక్కడ ఒక చెయిన్ దాన్ని అందుకుని మిగతా దూరం పైకి లాగుతుంది. ఆ చెయిన్ లాగిన ఆ నాలుగు మీటర్లో, ఆరు మీటర్లో ఉన్నాయి చూడండి, అవే దారిలో పోయిన శక్తి. రాపిడిని కంటితో చూడలేమని మేం పాఠంలో చెబుతాం. బూమరాంగ్ రెండో వాలు దగ్గర నిలబడితే దాన్ని స్కేలు పెట్టి కొలవవచ్చు.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన భాగానికి వస్తాను. రోలర్ కోస్టర్ ఎక్కినవాళ్లు వేగం వల్ల భయం వేసిందంటారు. నేను ఒప్పుకోను. గద్వాల నుంచి రైలెక్కితే, అది గంటకు 100 కిలోమీటర్ల మీద పోతున్నా మనం హాయిగా నిద్రపోతాం. విమానం గంటకు 800 కిలోమీటర్లతో పోతుంటే అందులో టీ తాగుతాం. సాఫీగా నేరుగా సాగే వేగం మన ఒంటికి తెలియదు. మన చెవుల లోపల ద్రవం నిండిన సన్నని గొట్టాలున్నాయి, అవి తల తిరిగినప్పుడు పసిగడతాయి. వాటి పక్కనే సున్నపు రేణువులు అంటుకున్న చిన్న సంచులున్నాయి, అవి వేగం పెరిగినా తగ్గినా పసిగడతాయి. వీటికి తెలిసేది వేగం కాదు, వేగంలో వచ్చే మార్పు. డ్రైవరు బ్రేకు వేసినప్పుడు బస్సులో అందరూ మేల్కొంటారు. రోలర్ కోస్టర్ కట్టేవాడు అమ్మేది ఆ మేల్కొలుపునే.

అన్నిటికన్నా పెద్ద మార్పు బరువులో వస్తుంది. మన బరువు మనకు ఎలా తెలుస్తుంది? భూమి లాగడం మనకు తెలియదు. కుర్చీ మనల్ని పైకి నెట్టడం తెలుస్తుంది. నేల పాదాలను నెట్టడం తెలుస్తుంది. ఆ నెట్టుడునే మనం బరువు అనుకుంటున్నాం. కుర్చీ ఎక్కువ నెడితే బరువెక్కినట్టు, తక్కువ నెడితే తేలికైనట్టు ఉంటుంది. రోలర్ కోస్టర్ మన కింది కుర్చీ చేత ఈ నెట్టుడును సెకను సెకనుకూ మార్పిస్తుంది.

బండి 20 మీటర్లు దిగి లోయ అడుగుకు వచ్చిందనుకోండి. అక్కడ పట్టాలు గిన్నె ఆకారంలో వంగి, దాన్ని మళ్లీ పైకి తిప్పాలి. ఆ వంపు వ్యాసార్ధం కూడా 20 మీటర్లయితే, కుర్చీ మనల్ని మామూలు కన్నా మూడింతల బలంతో నెడుతుంది. ఒక వంతు మన అసలు బరువును మోయడానికి, రెండు వంతులు కిందికి దూసుకొచ్చిన మనల్ని పైకి తిప్పడానికి. 50 కిలోల పిల్లవాడు ఆ రెండు క్షణాలు 150 కిలోలు తూగుతాడు. కింద కాటా పెట్టి చూస్తే ముల్లు నిజంగా 150 దగ్గర నిలుస్తుంది. బుగ్గలు కిందికి జారుతాయి, చేయి ఎత్తబోతే లేవదు, రక్తం కాళ్లలోకి దిగుతుంది. ఇది ఎక్కువసేపు ఉంటే మెదడుకు రక్తం చాలక కళ్లు మసకబారతాయి. అందుకే ఆ వంపు సెకనో రెండు సెకన్లో ఉంటుంది, అంతకు మించి ఉండదు.

కొండ శిఖరం మీద దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. బండి శిఖరం దాటి కిందికి వంగుతుంటే, కుర్చీ మన కింది నుంచి తప్పుకుంటున్నట్టు ఉంటుంది. శిఖరం వంపు వ్యాసార్ధం 15 మీటర్లు అయి, వేగం గంటకు 44 కిలోమీటర్లు ఉంటే, కుర్చీ నెట్టడం పూర్తిగా ఆగిపోతుంది. బరువు సున్నా. భూమి ఆకర్షణ ఎక్కడికీ పోలేదు, మనమూ బండీ కలిసి ఒకే తీరున పడిపోతున్నాం, అంతే. విసిరిన రాయి గాలిలో ఏ దారిన పోతుందో, ఆ క్షణంలో మనమూ ఆ దారినే పోతున్నాం. భూమికి 400 కిలోమీటర్ల పైన తిరిగే అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు తేలడానికి కూడా ఇదే కారణం. అక్కడ భూమి ఆకర్షణ లేదని చాలామంది అనుకుంటారు. ఇక్కడున్న దానిలో పదింట తొమ్మిది వంతులు అక్కడా ఉంది. వాళ్లు భూమి చుట్టూ ఎడతెగకుండా పడుతూనే ఉన్నారు. మనం కొండ శిఖరం మీద ఒక సెకను పడతాం. మన కడుపులో పేగులు, కాలేయం, అన్నీ రోజూ ఒకదాని మీద ఒకటి ఆనుకుని ఉంటాయి. ఆ సెకనులో వాటికీ ఆసరా తప్పుతుంది. కడుపులో దేవినట్టు అనిపించేది అందుకే.

ఇప్పుడు గుండ్రంగా తలకిందులు తిరిగే దారి, అంటే లూప్. పైన, తలకిందులుగా ఉన్నప్పుడు పడిపోమా? బొక్కెన నిండా నీళ్లు పోసి చేత్తో వేగంగా గిర్రున తిప్పితే నీళ్లు ఒలకవు, ఇది ఊళ్లో ప్రతి పిల్లవాడూ చేసి చూసిందే. నీళ్లు కింద పడాలనే చూస్తాయి, కానీ అవి పడేంతలోనే బొక్కెన వాటికన్నా ముందే వంగి వాటిని పట్టేస్తుంది. లూప్‌లో మనమూ అంతే. తగిన వేగం ఉంటే పట్టీలు లేకున్నా కుర్చీకే అతుక్కుని ఉంటాం. పట్టీలు వేరే కారణాలకు అవసరం, వాటి సంగతి తర్వాత.

చిక్కు ఎక్కడంటే, ఆ తగిన వేగం దగ్గర. లూప్ నిక్కమైన వృత్తం అయితే, పైన మనం కుర్చీకి కేవలం ఆనీ ఆననట్టు ఉండేంత వేగం ఉన్నా, అడుగున మన బరువు ఆరింతలవుతుంది. ఆశ్చర్యం ఏమిటంటే, లూప్ చిన్నదైనా పెద్దదైనా ఈ ఆరింతలు మారదు. 5 మీటర్ల లూప్‌కూ అదే, 50 మీటర్ల లూప్‌కూ అదే. ఈ లెక్కను కాగితం మీద మొదటిసారి చేసి చూసే పిల్లలు నమ్మరు, మళ్లీ చేస్తారు, మళ్లీ ఆరే వస్తుంది. 50 కిలోల మనిషి 300 కిలోలు తూగుతాడు, అదీ ఒక్కసారిగా. నేరుగా పోతున్న బండి లూప్‌లో అడుగుపెట్టిన క్షణంలోనే ఆ బరువంతా మెడ మీద పడుతుంది. 1895లో కోనీ ఐలాండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ అనే బండికి అలాంటి గుండ్రటి లూప్ పెట్టారు. ఎక్కినవాళ్ల మెడలు పట్టేశాయి. అది ఎక్కువ కాలం నడవలేదు.

దీనికి సరైన మందు దొరకడానికి ఎనభై ఏళ్లు పట్టింది. 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్ పార్కులో రివల్యూషన్ అనే బండి మొదలైంది. దాని లూప్‌ను జర్మన్ ఇంజనీరు వెర్నర్ స్టెంగెల్ గీశాడు. ఆయన వృత్తం గీయలేదు, నీటిబొట్టును తలకిందులు చేసినట్టు గీశాడు. కింద వంపు సుతారంగా, విశాలంగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ బిగుసుకుంటుంది. కింద వేగం ఎక్కువ కనుక అక్కడ వంపు తక్కువ. పైన వేగం తక్కువ కనుక అక్కడ వంపు ఎక్కువ. ఆరింతల బరువు అలా బాగా దిగివచ్చింది, పైగా అది ఒక్కసారిగా కాకుండా మెల్లమెల్లగా ఎక్కుతుంది. ఆ వంపు గణితానికి కొత్త కాదు. నేరుగా ఉన్న రైలు పట్టాను మలుపు తిప్పేటప్పుడు ఇంజనీర్లు అలాంటి వంపునే వాడుతారు. గద్వాల నుంచి రాయచూర్ వెళ్లే రైల్లో మలుపు వచ్చినప్పుడు మనం పక్కవాళ్ల మీద పడకపోవడానికి అదీ ఒక కారణం. స్టెంగెల్ ఆ పడుకున్న వంపును లేపి నిలబెట్టాడు. ఇంజనీరింగ్‌లో నేను తలవంచి నమస్కారం పెట్టే పనుల్లో ఇది ఒకటి.

బండి శిఖరం మీద పట్టాల నుంచి లేచిపోదా? లేచిపోవాలనే చూస్తుంది. రైలు చక్రం పట్టా మీద కూర్చుని ఉంటుంది, రోలర్ కోస్టర్ చక్రం పట్టాను కౌగిలించుకుని ఉంటుంది. పైన బరువు మోసే చక్రం, పక్కన ఒరుసుకోకుండా కాసే చక్రం, పట్టా అడుగున ఇంకో చక్రం. ఈ అడుగు చక్రానికి జాన్ మిల్లర్ అనే అమెరికన్ 1919లో పేటెంట్ తీసుకున్నాడు. అది వచ్చాకే నిటారు కొండలు, నిజమైన వేగాలు సాధ్యమయ్యాయి.

పట్టీల సంగతి తర్వాత అన్నాను. లూప్‌లో కాకపోయినా, కొండ శిఖరాల మీద కొన్నిచోట్ల బరువు సున్నా కన్నా కిందికి పోతుంది, అంటే మనం కుర్చీలోంచి పైకి లేచిపోతాం. అక్కడ తొడల మీది కడ్డీ మనల్ని పట్టి ఆపాలి. ఇంత ఎత్తుకు తక్కువ ఉన్న పిల్లలను ఎక్కించుకోం అని గేటు దగ్గర గీత గీసి పెట్టేది అందుకే. ఆ కడ్డీ పెద్దవాళ్ల ఒంటి కొలతకు తయారైంది. చిన్న పిల్లవాడు దాని కింద నుంచి జారిపోగలడు. బుజ్జగించి, బతిమాలి, మునివేళ్ల మీద నిలబెట్టి పిల్లలను లోపలికి పంపించే తల్లిదండ్రులకు నేను చేతులెత్తి చెప్పే మాట ఒకటే. ఆ గీత మర్యాద కోసం గీసింది కాదు, లెక్క కట్టి గీసింది.

ఇదే మాట మన జాతరలకూ చెప్పాలి. జమ్ములమ్మ జాతర, మల్దకల్ తిమ్మప్ప జాతర, కురుమూర్తి జాతర అనగానే పిల్లల కళ్ల ముందు జెయింట్ వీల్ తిరుగుతుంది, ఊగే పడవ ఊగుతుంది. చిన్న పట్టాల మీద తిరిగే డ్రాగన్ రైలు కూడా రోలర్ కోస్టర్‌కు తమ్ముడే. పార్కులోని బండి పునాదుల మీద నిలిచి ఉంటుంది, రోజూ తెరవడానికి ముందు పరీక్ష జరుగుతుంది. జాతర బండి లారీలో వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో బిగిస్తారు, వారానికి విప్పుతారు, ఇంకో ఊళ్లో మళ్లీ బిగిస్తారు. ప్రతి బిగింపులోనూ ప్రతి నట్టూ, ప్రతి పిన్నూ కొత్తగా మనుషుల చేతుల మీదే ఆధారపడుతుంది. ఇందాక లోయ అడుగున చూసినట్టే, ఊగే పడవ అడుగుకు వచ్చినప్పుడు దాని బరువు రెండు మూడింతలవుతుంది. ఆ బరువంతా ఇరుసు మీద, దాన్ని పట్టుకున్న బోల్టుల మీద పడుతుంది, రాత్రంతా, ప్రతి ఊపుకూ. ఇనుము ఒక్క దెబ్బకు విరగదు, వేల దెబ్బలకు సన్నగా చీరుకుంటుంది. ఆ చీలిక కంటికి కనపడదు. నడిపేవాళ్లు కూడా పొట్టకూటి కోసం ఊరూరా తిరిగే కష్టజీవులే, వాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ చక్రం తిరగకముందే తెలిసిన ఇంజనీరు ఒకరు వచ్చి ప్రతి బోల్టూ చూసి సంతకం పెట్టాలి. జాతర జరిపించే పెద్దలు దేవుడి రథం ఇరుసును ఎంత శ్రద్ధగా చూపించుకుంటారో, జెయింట్ వీల్ ఇరుసునూ అంత శ్రద్ధగా చూపించాలి. దాని మీద కూర్చునేది మన పిల్లలు.

చివరికి బండిని ఆపాలి. పాతకాలంలో కొయ్య దిమ్మెలు, తర్వాత బ్రేకు పట్టీలు, రాపిడితో ఆపేవి. ఇప్పుడు కొత్త బండ్లలో బలమైన అయస్కాంతాలు ఆపుతున్నాయి. బండి అడుగున రాగిదో అల్యూమినియందో ఒక రేకు ఉంటుంది. అది పట్టాల పక్కనున్న అయస్కాంతాల నడుమ నుంచి దూసుకుపోతుంది. ఏదీ దేన్నీ తాకదు. అయినా బండి మెత్తగా నెమ్మదిస్తుంది. 1831లో మైకేల్ ఫారడే కనుక్కున్న నియమం అది. అయస్కాంతం దగ్గర లోహం కదిలితే ఆ లోహంలో కరెంటు పుడుతుంది, ఆ కరెంటు కదలికకు అడ్డం తిరుగుతుంది. జూరాలలో నీరు తిప్పే జనరేటర్‌లో కరెంటు పుట్టేదీ ఆ నియమంతోనే. ఒక క్యూసెక్కు నీరు 10 మీటర్లు దిగితే 2.8 కిలోవాట్లు, అందులో చాలా భాగం తీగల్లోకి ఎక్కి మన ఇళ్లకు వస్తుంది. బండి రేకులో పుట్టిన కరెంటుకు బయటికి పోయే తీగ లేదు. అక్కడక్కడే సుడులు తిరిగి వేడిగా మారుతుంది. మొదట చెయిన్ పెట్టిన ఆ అర యూనిట్‌లోపు శక్తిలో దారిలో రాపిడికి పోగా మిగిలింది ఆ రేకులో వేడిగా తేలుతుంది. ఈ బ్రేకుకు కరెంటు సరఫరా అక్కర్లేదు. ఊరంతా కరెంటు పోయినా అది పనిచేస్తుంది. దీనికి ఒక లోపం కూడా ఉంది. వేగం తగ్గేకొద్దీ దాని పట్టూ తగ్గుతుంది, బండిని పూర్తిగా నిలబెట్టలేదు. ఆ చివరి అడుగుకు మామూలు రాపిడి బ్రేకు కావాల్సిందే.

ఇంత చెప్పాక పిల్లలు ఎప్పుడూ ఒక ప్రశ్న అడుగుతారు. సార్, ముందు కూర్చోవాలా, వెనక కూర్చోవాలా?

పెట్టెలన్నీ ఒకదానికొకటి కట్టి ఉంటాయి కనుక, ఏ క్షణంలో చూసినా అన్నిటి వేగం ఒకటే. కానీ ఏ పెట్టె ఎక్కడ ఉన్నప్పుడు ఆ వేగం ఉందన్నది ముఖ్యం. ముందు పెట్టె శిఖరం దాటేటప్పుడు వెనక పెట్టెలు ఇంకా ఎక్కుతూనే ఉంటాయి, దాన్ని వెనక్కి లాగుతుంటాయి. కనుక ముందున్నవాళ్లు నింపాదిగా శిఖరం దాటి, ఎదురుగా ఖాళీ ఆకాశం చూస్తూ వేలాడతారు. చివరి పెట్టె శిఖరం చేరేసరికి ముందు పెట్టెలన్నీ కిందికి దూకుతూ ఉంటాయి, దాన్ని ఈడ్చుకుపోతాయి. చివరి పెట్టె శిఖరాన్ని అందరికన్నా వేగంగా దాటుతుంది, కుర్చీ అందరికన్నా ఎక్కువగా కింది నుంచి తప్పుకుంటుంది. చూపు కావాలంటే ముందు, కడుపులో ఆ తేలికదనం కావాలంటే వెనక. రావిర్యాల రికాయిల్ ఎక్కేవాళ్లకు మాత్రం ఈ ఎంపికతో పని లేదు. అది పోయిన దారినే వెనక్కి వస్తుంది కనుక, పోయేటప్పుడు తలగా ఉన్న పెట్టె వచ్చేటప్పుడు తోకవుతుంది. ముందు పెట్టెలో కూర్చోండి, ఒకే టికెట్ మీద రెండూ దక్కుతాయి.